మద్దెల నిజంగానే ఓటిదైతే



మొన్న ఆదివారం మా మనవరాలిని వెంటబెట్టుకొని పుస్తకాల దుకాణానికి వెళ్ళాను. పిల్లకు తొమ్మిదేళ్ళు. సెలవులకు వచ్చింది. బొమ్మలు వేస్తానంటుంది, వేస్తుంది కూడాను. దుకాణం గుమ్మంలోనే ఒక బల్ల నిండా రంగుల పెట్టెలు పేర్చి, పైన అరవై శాతం తగ్గింపు అని అట్ట వ్రేలాడదీశారు. ఒక్కొక్క పెట్టెలో నూట యాభై వస్తువులట. మైనపు రంగులు, స్కెచ్ పెన్నులు, రంగు పెన్సిళ్ళు, నీటిరంగు బిళ్ళలు, వేలెడంత కుంచె, చెక్కుడు మర, రబ్బరు. 899 రూపాయలన్న అంకెను కొట్టివేసి 349 అని వ్రాశారు.

"తాతయ్యా, నూట యాభై ఉన్నాయిట!" అంది పిల్ల.

లెక్క కట్టాను. ఒక్కొక్కటి రెండు రూపాయల ముప్పై మూడు పైసలు పడింది. ఈ రోజుల్లో రెండున్నర రూపాయలకు సరైన రబ్బరు ముక్క కూడా రాదు. అయినా పెట్టె చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడిపోయాను. బేరం తెమలక కాదు. ముప్పై ఏళ్ళ నాటి ఒక తరగతి గది గుర్తుకు వచ్చింది.

నేను తెలుగు పండితుణ్ణి. జిల్లా పరిషత్తు పాఠశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా ఛందస్సు, సంధులు, సమాసాలు చెప్పి 2019లో విశ్రాంతి పుచ్చుకున్నాను. 1992 ప్రాంతంలో నేను పనిచేస్తున్న బడిలో డ్రాయింగు మాస్టారి స్థానం ఖాళీ అయింది. అక్షరాలు గుండ్రంగా వ్రాస్తానన్న ఏకైక అర్హతను చూసి ప్రధానోపాధ్యాయులవారు వారానికి రెండు పీరియడ్ల డ్రాయింగును నా నెత్తిన పెట్టారు. పిల్లలకు రంగులు కొనడానికి చిన్న మొత్తం కూడా ఇచ్చారు. ఆ సొమ్ముతో మంచి రంగులు కొంటే పదిహేను పెట్టెలు వచ్చేవి. పిల్లలు నలభైమంది. పట్నంలో ఒక టోకు వర్తకుడు సగం ధరకు, ఆపైన ఇంకొంత తగ్గించి, నలభై పెట్టెలూ ఇస్తానన్నాడు. పిల్లకొక పెట్టె వస్తుందన్న సంతోషంతో మూట కట్టించుకొని బస్సెక్కాను. ఎన్నిక నాదే, ఆ వర్తకుణ్ణి నిందించి ప్రయోజనం లేదు.

ఆ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. పలక మీద సుద్దముక్కతో దున్నపోతును వేస్తే అది పలక మీదినుంచి దిగి వస్తుందేమో అనిపించేది. ఆ రోజు అందరికీ మందార పువ్వు వేయమని చెప్పాను. కొంతసేపటికి వాడు లేచి, "మాస్టారండీ, ఎరుపు పట్టటం లేదండి. ఎంత వేసినా కింద తెలుపే కనబడతందండి" అన్నాడు.

నేనేమన్నానో తెలుసునా? "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీబోటివాడు!" అన్నాను. సామెతలు చెప్పడం పండితుల జబ్బు గదా. తరగతి అంతా ఘొల్లుమంది. వాడు కూర్చున్నాడు. మరుసటి వారం రంగుల పెట్టె ఏదిరా అంటే పోయిందండి అన్నాడు. ఆ తరువాత ఆ పీరియడ్లో కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం తీరికగా ఉండి, మిగిలిన పెట్టె ఒకటి విప్పి నేనే మందార పువ్వుకు కూర్చున్నాను. తడి కుంచెతో ఎరుపు బిళ్ళను రుద్దితే సబ్బులా జారింది. కాగితం మీద పెట్టినప్పుడు ఎర్రగానే ఉన్నట్లుండి, ఆరేసరికి వెలిసిన గులాబీ రంగులోకి దిగింది. దాని మీద రెండవ పూత వేస్తే మొదటిది లేచి వచ్చి ముద్దయింది. మూడవ పూతకు కాగితం నూగు లేచింది. కుంచెలోనుంచి రెండు వెంట్రుకలు ఊడి పువ్వు మధ్యన కేసరాల్లా అతుక్కున్నాయి. ఆ బొమ్మలో పువ్వును పోలినవి ఆ రెండే. ఎంత వేసినా కింద తెలుపే కనబడుతోంది. వాడు చెప్పినది చెప్పినట్లే ఉంది. వాడు సాకు చెప్పలేదు, ఉన్నది ఉన్నట్లు చూసి చెప్పాడు. మద్దెల నిజంగానే ఓటిది. నేనే కొని తెచ్చినది.

మంచి పనిముట్టు వాడిన అనుభవమున్న పెద్దవాడికి చెడ్డది చేతికి వస్తే తేడా తెలుస్తుంది. పారవేసి మరొకటి తెచ్చుకుంటాడు. పిల్లవాడికి పోల్చుకోవడానికి రెండవది ఉండదు. రంగు పట్టకపోతే తన చేతికే కళ లేదనుకుంటాడు. చవక సరకు వలన పోయే సొమ్ము పెద్దది కాదు. ఆ అనుకోవడమే నష్టం. దానికి పైసల్లో లెక్క కట్టలేము. ఈ టపా వ్రాయడానికి కారణం ఇదే.

అలాగని ఖరీదైనదే మంచిదని వాదించబోవడం లేదు. ఆ అపరాధభావంతోనే తరువాతి కాలంలో రంగులను గురించి దొరికినదల్లా చదివాను. చదివిన కొద్దీ ధరకూ గుణానికీ ఉన్న చుట్టరికం ఎంత దూరపుదో తెలిసివచ్చింది.

నీటిరంగులో ఉండేవి ముఖ్యంగా మూడు. అసలు రంగుపొడి, దానిని కాగితానికి పట్టి ఉంచే తుమ్మజాతి జిగురు, పరిమాణం పెంచడానికి కలిపే సుద్దవంటి నింపుడు పదార్థం. చవక చేయదలచినవాడు మొదటిదానిని తగ్గించి మూడవదానిని పెంచుతాడు. మా బడి ఎరుపులో జరిగినది అదే. అయితే రంగుపొడి అన్నది ఎప్పుడూ ఖరీదైనదే అనుకుంటే పొరపాటు. జేగురు, కావి, పచ్చమట్టి వంటివన్నీ ఇనుము త్రుప్పు కలిసిన మన్ను. అత్యంత చవక, ఎండకు చెక్కుచెదరవు. దీపపు మసి ఇంకా చవక. తాటాకు గ్రంథాల్లో గంటపు గీతలలోకి మన పెద్దలు పట్టించినది ఆ మసినే. వందల ఏళ్ళ నాటి ప్రతులు నేటికీ చదవగలుగుతున్నాము.

అల్ట్రామెరీన్ నీలం కథ మరీ విచిత్రం. ఒకప్పుడు ఆఫ్ఘనిస్థానపు గనులలో దొరికే లాజవర్ద రాతిని నూరి తీసేవారు. ఐరోపా చిత్రకారులకు అది బంగారంతో తూగిన రంగు. 1824లో ఫ్రాన్సులో ఒక పారిశ్రామిక ప్రోత్సాహక సంఘం దీనిని కృత్రిమంగా చవకగా చేసినవారికి ఆరువేల ఫ్రాంకులు ఇస్తామని ప్రకటించింది. 1828లో గిమే అనే ఆయనకు ఆ బహుమతి దక్కింది. తరువాత ఆ రంగు ఎంత చవకైపోయిందంటే, తెల్లబట్టలకు పెట్టే నీలం పొడిగా చాకిరేవు చేరింది. గుణంలో రాతినుంచి తీసినదానికి తీసిపోలేదు. కనుక నీలం చవకగా దొరికితే అనుమానపడనక్కరలేదు. చవకలో అనుమానించవలసినవి మెరుపు గులాబీలు, ఊదాలు, కళ్ళు జిగేలుమనిపించే పసుపులు.

దీనిని కనిపెట్టడానికి ఒక సులువైన ఆనవాలు ఉన్నది. కాస్త బాధ్యత గల తయారీదారు గొట్టం మీద రంగుపొడి సంకేతం ముద్రిస్తాడు. పి.బి. 29 అంటే ఇప్పుడు చెప్పిన అల్ట్రామెరీను. పి.ఆర్. 101, పి.వై. 42 అన్నవి ఇనుపత్రుప్పు ఎరుపు, పసుపు. ఈ మూడూ నమ్మదగినవి. పి.ఆర్. 83 అంటే అలిజరిన్ ఎరుపు. చూడముచ్చటగా ఉంటుంది, వెలుతురుకు నిలవదు. సంకేతమే లేకపోతే? పెట్టె మీద పేరెంత కవితాత్మకంగా ఉన్నా లోపల ఏముందో చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదని అర్థం.

రంగుల కంటె ముందు చూడవలసినది కాగితం. ఇది నా దృఢమైన అభిప్రాయం. చాలామంది తల్లిదండ్రులు రంగుల మీద మూడువందలు పోసి, కాగితం దగ్గరకు వచ్చేసరికి పాత నోటు పుస్తకంలో మిగిలిన పేజీలు చింపి ఇస్తారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందు వస్త్రాన్ని కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ ప్రాకనివ్వదు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. ఆపైన గీసే నల్లరంగు కసిమికి కావలసినవల్లా త్రుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు, కొన్నాళ్ళ ఓర్పు. కలం ఒక వెదురుపుల్ల. రంగు చవక, కలం చవక; వస్త్రాన్ని సిద్ధం చేయడంలో మాత్రం లోభం లేదు. చేర్యాల పటాలవారూ అంతే. సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి గుడ్డను తయారుచేసిన తరువాతనే కుంచె పట్టుకుంటారు.

కాగితానికి కూడా ఇటువంటి సంస్కారం ఉండాలి. మంచి నీటిరంగు కాగితానికి జిలాటిన్ వంటి పదార్థం పట్టించి ఉంటుంది. అది లేకపోతే కాగితం అద్దుడు కాగితంలా రంగును మింగేస్తుంది. కొనేముందు దుకాణదారు అనుమతితో ఒక మూలన నీటిబొట్టు పెట్టి చూడండి. బొట్టు కాసేపు ముత్యంలా నిలిస్తే సరే; పెట్టిన వెంటనే ఇంకి ప్రాకితే ఆ కాగితం పెన్సిలు పనికే. కర్రగుజ్జుతో చేసిన నాసిరకం కాగితంలో లిగ్నిన్ మిగిలి ఉంటుంది. వార్తాపత్రికను నాలుగు రోజులు ఎండలో పడవేస్తే పసుపెక్కుతుందే, అందుకు కారణం అదే. నా దగ్గర ఉన్న పాత పత్రికల సంచికలు పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతున్నాయి. నూలుగుడ్డల గుజ్జుతో చేసిన కాగితానికి ఆ బాధ తక్కువ. మన దేశంలో బనియను గుడ్డల కత్తిరింపులతో చేతికాగితం చేసేవారున్నారు. విదేశీ కాగితంతో పోలిస్తే ధర బాగా తక్కువ. అన్ని చేతికాగితాలకూ జిగురు సంస్కారం సమానంగా ఉండదు గనుక నీటిబొట్టు పరీక్ష అక్కడా చేయవలసిందే. పల్చని కాగితం తడిస్తే అప్పడంలా లేస్తుంది. చదరపు మీటరుకు మూడువందల గ్రాముల కాగితం నిలకడగా ఉంటుంది. పిల్లల పనికి రెండువందలది చాలు, నాలుగు అంచులూ అట్టకు అంటించుకుంటే.

కుంచెల విషయం కొంత తమాషా. క్యామెల్ హెయిర్ కుంచె అని అమ్ముతారు. అందులో ఒంటె వెంట్రుక ఉండదు. ఉడుతదో, మేకదో, గుర్రపుపిల్లదో ఉంటుంది. నేతిబీరకాయ సామెత ఎటూ ఉన్నది గదా! ముంగిస వెంట్రుకల కుంచెలకు చిత్రకారులలో ఒకప్పుడు గొప్ప పేరుండేది. ముంగిసలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. ఆ కుంచెలు అమ్మడం నేరం. ఎవరైనా చాటుగా తీసి చూపించి మీకోసం తగ్గించి ఇస్తానంటే ఆ తగ్గింపు మనకు వద్దు. నైలాను జాతి కుంచెలు ఇప్పుడు చవకలోనే బాగున్నవి దొరుకుతున్నాయి. నీటిని కాస్త తక్కువ పట్టుకుంటాయి, మొన మాత్రం బాగా నిలుపుకుంటాయి. పరీక్ష ఒక్కటే. కుంచెను నీటిలో ముంచి ఒక్కసారి విదిలించండి. వెంట్రుకలన్నీ కలిసి ఒకే మొనగా చేరాలి. పాము నాలుకలా రెండుగా చీలితే దానిని జిగురు పూయడానికి ఉంచుకోండి. పది రకాల కుంచెల కట్ట కంటె ఇటువంటిది ఒక్కటి, ఎనిమిదో నంబరుది, మేలు.

ఇక ఆ తగ్గింపు అన్న మాట. దేనిమీద తగ్గింపు? 899 అన్న అంకెను ముద్రించినదీ వారే, కొట్టివేసినదీ వారే. 349కి అమ్మదలచినవాడు ముందు ఏ అంకె వేసుకుంటే మనకేమి? ఆ శాతం సరకును గురించి ఏమీ చెప్పదు. నిజమైన తగ్గింపులు లేకపోలేదు. దుకాణం ఎత్తివేస్తున్నప్పుడు, పెట్టె మీది బొమ్మ మారినప్పుడు, అట్ట చినిగినప్పుడు మంచి సరకే తక్కువకు వస్తుంది. అప్పుడు ఏది కొనాలో తెలియాలి. గొట్టంలో గట్టిపడిన నీటిరంగును భయపడకుండా తీసుకోవచ్చు. గొట్టం చీల్చి నీరు తగిలిస్తే మళ్ళీ కరుగుతుంది. అక్రిలిక్ ఎండితే మాత్రం ప్లాస్టిక్కే, ఇక లేవదు. పెన్సిళ్ళకు వయసు లేదు, కాని డబ్బా కిందపడి ఉంటే లోపలి ములుకు ముక్కలై ఉంటుంది. చెక్కిన కొద్దీ ఊడుతుంటే పిల్లను కసరకండి, ఆ తప్పు మరెవరిదో. పెన్సిలు కొననుంచి చూస్తే ములుకు నడిమధ్యన ఉందో లేదో తెలుస్తుంది. ప్రక్కకు జరిగినది చెక్కుడుకు నిలవదు. పాత స్కెచ్ పెన్నులు వద్దు. చెమ్మలో ఉన్న కాగితం ఉచితంగా ఇచ్చినా వద్దు, జిగురు చచ్చిపోయి ఉంటుంది.

నూట యాభై అన్న సంఖ్యను గురించి ఒక్క మాట. ఎరుపు, పసుపు, నీలం, వీటితో ఒక కావి, ఒక నలుపు చేతిలో ఉంటే మిగిలినవి పిల్లలే పుట్టించుకుంటారు. పచ్చదనం దొరకడం కంటె, పసుపులో నీలం పడి పచ్చదనం పుట్టడం చూడడం గొప్ప. నూట యాభై వస్తువులిచ్చి ఆ ఒక్క ఆనందాన్ని మనం తీసివేస్తున్నాము.

రంగులు ఎంతకాలం నిలవాలి అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల వేసిన ఏనుగు నూరేళ్ళు నిలవనక్కరలేదు. అక్కడ రంగు ఆ పూట నిజాయితీగా పడితే చాలు. బొమ్మ అమ్ముకొని బ్రతకదలచినవాడి సంగతి వేరు. 1888లో రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు నీటిరంగుల మీద వెలుతురు ప్రభావాన్ని పరీక్షించి, పేరున్న రంగులు కూడా కొన్ని వెలిసిపోతాయని నివేదిక ఇచ్చారు. ఆ సంవత్సరమే వాన్‌గో తన పడకగది చిత్రం వేశాడు. అందులో గోడలు ఇప్పుడు నీలంగా కనబడతాయి. ఆయన వేసినప్పుడు అవి ఊదారంగువి. కలిపిన ఎరుపు వెలిసి నీలం మిగిలింది. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళినప్పుడల్లా నాకు ఈ సంగతే తలపుకు వస్తుంది. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయాడు. ఆ యువకుని చేయి మనకు మిగిలినది ఆ రంగుపొడిలోనే గదా.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక కాగితపు పట్టీ మీద ఉన్న రంగులన్నీ వరుసగా పూసి, సగభాగాన్ని నల్లటి అట్టతో కప్పి, ఎండ పడే కిటికీ అద్దానికి అంటించి రెండు నెలల తరువాత అట్ట తీసి చూడండి. మా కిటికీలో స్కెచ్ పెన్ను గులాబీ జాడ లేకుండా పోయింది. కావి అలాగే ఉంది.

విషం సంగతి క్లుప్తంగా చెబుతాను. మన పాత ఇంగిలీకంలో పాదరసం ఉన్నది, హరిదళంలో పాషాణం ఉన్నది. పాతదంతా పవిత్రమని భ్రమపడనక్కరలేదు. కొత్త పెట్టెల మీద ఏఎస్‌టీఎమ్ డి-4236 అని ఉంటే, హాని ఉన్నదా అని నిపుణులు పరిశీలించారనీ, ఉంటే హెచ్చరిక ముద్రించాలనీ దాని భావం. హాని లేదని హామీ కాదు. తయారీదారు పేరే లేని పెట్టెను, కుంచె నోట్లో పెట్టుకొనే వయసు పిల్లలకు, ఎంత తగ్గించి ఇచ్చినా నేను ఇవ్వను.

కొందరు మిత్రులు అంటారు: కళ ఉన్నవాడు బొగ్గుముక్కతో గోడ మీద వేసినా కళే, పనిముట్లలో ఏమున్నదని. నిజమే. కాని గమనించండి, బొగ్గు చవకే గాని ఓటిది కాదు. గీస్తే నల్లగా పడుతుంది. సున్నపు గోడ దానిని చక్కగా పట్టుకుంటుంది. మా కుర్రవాడికి పలకా సుద్దముక్కా ఉన్నంతకాలం ఏ లోటూ లేకపోయింది. నేను నలభై పెట్టెలు తెచ్చిన తరువాతనే వాడు కిటికీ వైపు తిరిగాడు. ఆ సొమ్ముకు పదిహేను మంచి పెట్టెలు తెచ్చి ముగ్గురేసి పిల్లలకు ఒకటి చొప్పున ఇచ్చి ఉండవలసినది. పెద్దమనసుతో అందరికీ పంచినది పంచినట్లు కాలేదు.

వాడికి నేను ఆ సంగతి చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాను. తరగతి ముందు పంతులు తప్పు ఒప్పుకోవడానికి ఆ వయసులో నాకు ధైర్యం చాలలేదు. మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది.

దుకాణంలో పెట్టెను తిరిగి బల్ల మీద పెట్టి, అయిదు గొట్టాలు, ఎనిమిదో నంబరు నైలాను కుంచె ఒకటి, మందపాటి కాగితాలు పది విడిగా తీసుకున్నాను. మొత్తం 430 రూపాయలైంది, పెట్టె కంటె 81 ఎక్కువ. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. పెట్టె మూత మీద రెక్కల గుర్రం ఉన్నది మరి. ఇంటికి వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాము. ముందు మందార పువ్వు వేద్దామన్నాను. తనకు మందారం వద్దు, గుర్రమే కావాలంది. సరేనని ఎరుపు గొట్టం మూత తీసి ఇచ్చాను.